మార్పిడి టైరు ఎంపిక: దిల్‌సుఖ్‌నగర్ – ఎల్బీనగర్ రహదారి నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కారుతో వచ్చిన టైర్లు అరిగిన తరువాత వాటి స్థానంలో ఏ టైరు వేయించుకోవాలన్నది పైకి చిన్న ప్రశ్న. దాని వెనుక మాత్రం సుమారు ఎనభై ఏళ్ల పారిశ్రామిక, రవాణా, సామాజిక చరిత్ర ఉంది. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల మీదుగా సాగే విజయవాడ రహదారిని క్షేత్రంగా తీసుకొని, మంచి టైరు అన్న మాటకు అర్థం కాలక్రమంలో ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొరత కాలంలో పొదుపు, రేడియల్ కాలంలో మన్నిక, వేగరహదారుల కాలంలో పట్టు ప్రధాన ప్రమాణాలయ్యాయి. రహదారి మూడవ దశకు చేరినా కొనుగోలుదారు విచక్షణ చాలావరకు రెండవ దశలోనే నిలిచిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: టైరు, రీట్రెడింగ్, రేడియల్, తడిపట్టు, జాతీయ రహదారి 65, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వినియోగ చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

వాహన చరిత్రను రాసినవారు సాధారణంగా యంత్రానికి, కర్మాగారానికి, రహదారికి ఇచ్చిన స్థానం టైరుకు ఇవ్వలేదు. టైరు అరిగిపోయే వస్తువు. అరిగిన వెంటనే పంక్చరు షాపు మూలకో, పాత సామాను బండికో చేరుతుంది. భద్రపరచదగిన వస్తువుగా దాన్ని ఎవరూ చూడరు. అయితే వాహనానికీ నేలకూ మధ్య ఉన్న ఏకైక సంబంధం టైరే. నలుగురు ప్రయాణికులతో ఉన్న ఒక చిన్న కారులో ఒక్కొక్క చక్రంపై సుమారు 300 కిలోల భారం పడుతుందనుకుంటే, 32 పౌండ్ల గాలి పీడనం వద్ద ఆ టైరు నేలను తాకే వైశాల్యం స్థూలంగా 130 చదరపు సెంటీమీటర్లు. అది ఒక అరచేతి పరిమాణం. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, వానలో దారి తప్పకుండా నిలిచినా ఆ నాలుగు అరచేతుల మేర రబ్బరే ఆధారం.

కొత్త కారు కొన్నప్పుడు టైరును ఎంచుకునేది తయారీ సంస్థ. కొన్నేళ్ల తరువాత టైరు మార్చే రోజు మాత్రం ఆ నిర్ణయం మొదటిసారిగా యజమాని చేతికి వస్తుంది. ఆ నిర్ణయాన్ని అతడు ఏ జ్ఞానంతో, ఏ అలవాటుతో, ఎవరి మాట విని తీసుకుంటాడన్నది వినియోగ చరిత్రకు సంబంధించిన ప్రశ్న. ఆ నిర్ణయం తప్పితే పడే మూల్యం డబ్బు మాత్రమే కాదు కనుక అది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న కూడా.

2. క్షేత్రం – రహదారి స్వరూపం:

పుణె నుంచి షోలాపూర్, జహీరాబాద్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే రహదారి చిరకాలం 9వ జాతీయ రహదారిగా ప్రసిద్ధం. 2010లో జరిగిన పునఃసంఖ్యాకరణలో అది 65వ జాతీయ రహదారి అయింది. నగరంలోకి వచ్చాక ఇది మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్‌ల మీదుగా తూర్పుకు సాగుతుంది. ఎల్బీనగర్ కూడలిలో దీన్ని ఇన్నర్ రింగ్ రోడ్డు కలుస్తుంది. నాగార్జునసాగర్ వైపు వెళ్లే వాహనాలు కూడా ఈ పరిసరాల నుంచే దారి మళ్లుతాయి. ఈ కారణంగా ఈ ప్రాంతం ఒకే సమయంలో రెండు పాత్రలు పోషిస్తుంది. ఒకటి నివాస, వ్యాపార, విద్యాకేంద్రాలతో కిక్కిరిసిన నగర వీధి. రెండవది కోస్తా జిల్లాలకు, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం ప్రాంతాలకు తెరుచుకునే నగరద్వారం.

పరిపాలనాపరంగా ఎల్బీనగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు 2007 ఏప్రిల్‌లో బృహత్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్బీనగర్ మెట్రో మార్గం ప్రారంభమైంది. అదే కాలం నుంచి ఎల్బీనగర్ కూడలి పరిసరాల్లో పైవంతెనలు, అండర్‌పాస్‌లు ఒకదాని తరువాత ఒకటి అందుబాటులోకి వచ్చాయి. టైరు దృష్టితో చూస్తే ఈ రహదారి ఒక విచిత్రమైన మిశ్రమం. మెట్రో స్తంభాల మధ్య నడకవేగంతో సాగే వాహనశ్రేణి, కాలనీల్లోని స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు ఒకవైపు ఉన్నాయి. పెద్ద అంబర్‌పేట దాటగానే ఎదురయ్యే వేగరహదారి మరొకవైపు ఉంది. ఒకే కారు ఒకే రోజున ఈ రెండింటినీ ఎదుర్కొంటుంది.

3. కొరత కాలం – రబ్బరు వేయించిన టైరు:

చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో పక్వం చేసే పద్ధతిని కనుగొన్నాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు వ్యావహారిక రూపమిచ్చాడు. భారతదేశంలో డన్‌లప్ సంస్థ హుగ్లీ తీరంలోని సాహాగంజ్‌లో 1936లో కర్మాగారాన్ని నెలకొల్పింది. అంతకు ముందే, 1932లో, నిజాం రాజ్యంలో రైల్వే శాఖకు అనుబంధంగా 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు ఆ విభాగమే మూలం.

ఈ దశలో టైరు అరుదైన, ఖరీదైన వస్తువు. అరిగిన టైరును పారవేయడం అరుదు. దాని పైపొరను గీకి, కొత్త రబ్బరు పట్టీని అంటించి, వేడితో పక్వం చేసి తిరిగి వాడేవారు. దీనినే జనవ్యవహారంలో రబ్బరు వేయించడం అంటారు. రవాణా సంస్థ ఇందుకోసం సొంత రీట్రెడింగ్ షాపులను నడిపింది. దేశీయ టైరు పరిశ్రమ పుట్టుకలోనూ ఈ మరమ్మతు విద్యకు ముఖ్యమైన పాత్ర ఉంది. కె. ఎం. మామ్మెన్ మాప్పిళ్లై 1946లో మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఆటబుడగల తయారీతో ప్రారంభించిన సంస్థ, 1952లో రీట్రెడింగుకు వాడే ట్రెడ్ రబ్బరు తయారీకి మళ్లింది. 1961లో అమెరికాకు చెందిన మాన్స్‌ఫీల్డ్ సంస్థ సహకారంతో పూర్తి టైర్లను ఉత్పత్తి చేసింది. నేటి ఎం.ఆర్.ఎఫ్. చరిత్ర ఇది. పాత టైరుకు ప్రాణం పోసే వ్యాపారం నుంచి కొత్త టైరు పుట్టిందన్నమాట. ఆ సంస్థ కర్మాగారాలలో ఒకటి సంగారెడ్డి జిల్లా సదాశివపేట వద్ద, ఇదే 65వ జాతీయ రహదారి పశ్చిమ భాగంలో ఉండటం గమనార్హం.

దిల్‌సుఖ్‌నగర్ – ఎల్బీనగర్ మార్గంలో ఈ పొదుపు సంస్కృతిని నిలిపినవి లారీలు, బస్సులు. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుకు మామిడి, బత్తాయి లోడ్లతో వచ్చే లారీలు దశాబ్దాల పాటు ఈ రహదారి స్వరూపాన్ని నిర్ణయించాయి. 2021–22లో ఆ మార్కెట్టు బాటసింగారానికి తరలింది. హయత్‌నగర్ వైపున ఉన్న ఆటోనగర్ మరమ్మతు విద్యలకు నెలవైంది. బరువు వాహనానికి నాణ్యమైన రీట్రెడింగ్ నేటికీ ఆమోదయోగ్యమైన పద్ధతే. ఆ పొదుపు సూత్రాన్ని వేగంగా నడిచే కారుకు అన్వయించినప్పుడే చిక్కు మొదలవుతుంది. పూర్తిగా గుండు అయ్యేవరకు టైరును వాడటం తెలివితేటలకు గుర్తుగా చూసే అలవాటు ఈ దశ ఇచ్చిన వారసత్వం.

4. రేడియల్ కాలం – కిలోమీటర్లే కొలమానం:

స్వాతంత్ర్యానంతరం మూడు దశాబ్దాలకు పైగా మధ్యతరగతి కారు అంటే అంబాసిడర్, పద్మిని వంటివే. అంబాసిడర్ కారు వాడిన 5.90–15 వంటి టైర్లు క్రాస్ ప్లై నిర్మాణానివి. వాటిలోని దారపు పొరలు ఒకదానినొకటి ఏటవాలుగా ఖండించుకుంటూ ఉంటాయి. పక్కగోడ దృఢంగా ఉంటుంది కానీ, చక్రం తిరిగే ప్రతిసారీ పొరల మధ్య రాపిడితో వేడి పుడుతుంది. మిషలిన్ సంస్థ 1946లో హక్కు పొంది, 1949లో మార్కెట్టులోకి తెచ్చిన రేడియల్ టైరు ఈ సమస్యకు వేరే మార్గం చూపింది. దాని దారాలు చక్రపు అంచు నుంచి అంచుకు అడ్డంగా, సూటిగా సాగుతాయి. వాటిపైన ఉక్కు పట్టీ బిగుస్తుంది. దానితో పక్కగోడ మెత్తగా వంగుతుంది, నేలను తాకే భాగం మాత్రం చదునుగా నిలుస్తుంది. ఫలితంగా వేడి తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది.

భారతదేశంలో జె.కె. టైర్ 1977లో రేడియల్ టైరును ప్రవేశపెట్టింది. అప్పటి రోడ్లకు, కార్లకు అది కొత్త. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు యజమానికి అందిన తరువాత కారు మధ్యతరగతి కలగా మారింది. క్రమంగా రేడియల్, ఆ తరువాత ట్యూబ్‌లెస్ టైరు సాధారణమయ్యాయి. ఈ దశలో దుకాణంలో వినిపించే మొదటి ప్రశ్న “ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది?” అన్నదే. ఆ ప్రశ్న అసమంజసం కాదు. జీతంపై బతికే కుటుంబానికి నాలుగు టైర్ల ఖర్చు ఒక నెల బడ్జెట్టును తారుమారు చేస్తుంది. కారు వేగం గంటకు 60, 70 కిలోమీటర్లు దాటని రోజుల్లో ఆ కొలమానం వల్ల పెద్ద ప్రమాదం కూడా లేదు.

ఇక్కడ ఒక శాస్త్రీయ వాస్తవాన్ని గుర్తించాలి. టైరు నిర్మాణంలో మూడు గుణాలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. అవి మన్నిక, తడిపట్టు, దొర్లేటప్పుడు ఇంధనాన్ని తక్కువగా హరించే గుణం. మెత్తని రబ్బరు రోడ్డును బాగా పట్టుకుంటుంది కానీ త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ దూరం నడుస్తుంది కానీ తడిరోడ్డుపై జారుతుంది. 1990ల తొలినాళ్లలో బొగ్గుమసికి బదులుగా సిలికాను విస్తృతంగా వాడటం మొదలైన తరువాత ఈ వైరుధ్యం కొంత తగ్గింది కానీ పూర్తిగా తొలగలేదు. కాబట్టి కిలోమీటర్లను మాత్రమే అడిగే కొనుగోలుదారు తనకు తెలియకుండానే పట్టును తాకట్టు పెడుతున్నాడని చెప్పవచ్చు.

5. వేగరహదారుల కాలం – పట్టు ప్రాధాన్యం:

హైదరాబాద్ – విజయవాడ మార్గం నాలుగు వరుసలుగా విస్తరించి, 2012 చివరి నుంచి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలతో పనిచేయసాగింది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి పెద్ద అంబర్‌పేట వద్ద ఈ మార్గాన్ని కలుస్తుంది. దానిపై గరిష్ఠ వేగపరిమితిని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. ఎల్బీనగర్ నుంచి బయలుదేరిన సాధారణ కుటుంబపు కారు అర్ధగంటలో ఇరవై నుంచి వందకు పైబడిన వేగానికి మారగల పరిస్థితి ఇలా ఏర్పడింది.

వేగం రెట్టింపైతే వాహనపు గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. బ్రేకు వేసిన తరువాత ఆగేందుకు పట్టే దూరం కూడా స్థూలంగా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 60 వద్ద అరిగిన టైరు క్షమించే పొరపాటును 120 వద్ద క్షమించదు. పెర్ఫార్మెన్స్ టైరు అన్న మాట సాధారణ కారు యజమాని చెవిన పడటం ఈ సందర్భంలోనే. పందెపు మైదానానికి చెందిన ఆ పదం పట్ల అపోహలు ఎక్కువ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరంలో ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు, ఆ కార్లు హ్యాంకుక్ సంస్థ టైర్లపై పరుగెత్తాయి. ఎండకూ వానకూ ఒకే టైరు వాడటం ఆ పోటీ నియమం. పందెపు కారుకే వాన గురించిన ఆలోచన తప్పనప్పుడు, పిల్లలను బడిలో దింపే కారుకు అది అనవసరమని భావించడం విడ్డూరం.

రోజువారీ కారు విషయంలో పెర్ఫార్మెన్స్ టైరు అంటే అతివేగానికి అనుమతిపత్రం కాదు. తడిరోడ్డుపై తక్కువ దూరంలో ఆగడం, మలుపులో స్టీరింగు మాటకు వెంటనే స్పందించడం, వేడిని తట్టుకోవడం దాని లక్షణాలు. అందుకు చెల్లించే మూల్యాలు కూడా ఉన్నాయి. ధర ఎక్కువ, అరుగుదల వేగం ఎక్కువ. పక్కగోడ పొట్టిగా ఉంటే గుంతల దెబ్బకు టైరు ఉబ్బడం, చక్రపు అంచు వంగడం సంభవిస్తాయి. చైతన్యపురి లోపలి వీధుల్లో రోజూ తిరిగే కారుకు ఈ చివరి అంశం చిన్నది కాదు.

6. పక్కగోడపై రాత – కొలతల లెక్క:

టైరు పక్కగోడ నిజానికి ఒక శాసనం వంటిది. చదవగలిగినవారికి దాని చరిత్రంతా అక్కడే ఉంది. ఉదాహరణకు 2011లో వచ్చిన రెండవ తరం మారుతి స్విఫ్ట్ దిగువ శ్రేణులకు 165/80 ఆర్14, పై శ్రేణికి 185/65 ఆర్15 టైర్లు అమర్చారు. మొదటి సంఖ్య మిల్లీమీటర్లలో వెడల్పు. రెండవది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం. ‘ఆర్’ అక్షరం రేడియల్ నిర్మాణానికి, చివరి సంఖ్య అంగుళాలలో చక్రపు వ్యాసానికి సంకేతాలు. ఈ లెక్కన 165/80 ఆర్14 టైరు మొత్తం వ్యాసం 619.6 మి.మీ., 185/65 ఆర్15 వ్యాసం 621.5 మి.మీ. వెడల్పు 20 మి.మీ. పెరిగినా మొత్తం వ్యాసం దాదాపు మారలేదు. తయారీదారే చూపిన ఈ మార్గం మార్పిడి టైరు ఎంపికలో మొదటి సూత్రాన్ని బోధిస్తుంది. వెడల్పు, చక్రం మారవచ్చు, మొత్తం వ్యాసం మాత్రం మారకూడదు.

పాత చక్రాలనే ఉంచుకోదలచినవారికి 185/70 ఆర్14 దగ్గరి కొలత. దాని వ్యాసం 614.6 మి.మీ., తేడా ఒక శాతం లోపే. ఇందుకు భిన్నంగా, ఇదీ పద్నాలుగు అంగుళాలదే కదా అని 175/65 ఆర్14 వేయిస్తే వ్యాసం 583.1 మి.మీ.కు పడిపోతుంది. కారు నేల నుంచి సుమారు 18 మి.మీ. కిందికి దిగుతుంది. స్పీడోమీటరు 100 చూపినప్పుడు నిజవేగం సుమారు 94 ఉంటుంది, తిరిగిన దూరం లెక్క కూడా తప్పుతుంది. స్పీడ్ బ్రేకర్ల కాలనీల్లో ఆ 18 మి.మీ. విలువ కారు అడుగుభాగానికి తెలుస్తుంది.

కొలత తరువాత వచ్చే అంకె, అక్షరాలు కూడా ముఖ్యమైనవి. 85 అన్న భారసూచిక ఒక టైరు 515 కిలోలను, 88 అన్నది 560 కిలోలను మోయగలదని తెలుపుతుంది. వేగసూచికలలో ‘టి’ గంటకు 190, ‘హెచ్’ 210, ‘వి’ 240 కిలోమీటర్లకు గుర్తులు. ఆ వేగంతో ఎవరూ ప్రయాణించకపోయినా, పై శ్రేణి అక్షరం వేడిని తట్టుకునే సామర్థ్యానికి పరోక్ష సాక్ష్యం. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే నగరంలో ఆ సాక్ష్యానికి విలువ ఉంది. కారుతో వచ్చిన టైరు కన్నా తక్కువ భారసూచిక, తక్కువ వేగసూచిక గల టైరును ఎంచుకోకూడదన్నది రెండవ సూత్రం. పక్కగోడపై నాలుగంకెల తయారీ ముద్ర మూడవది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. వాడకపోయినా రబ్బరు ఎండకు, గాలికి గట్టిపడుతుంది. కొత్తగా మెరిసే టైరు నిజంగా కొత్తదో కాదో ఆ నాలుగంకెలే చెబుతాయి.

7. వాన, చట్టం, టైరు గాడి:

కేంద్ర మోటారు వాహన నియమావళి – 1989లోని 94వ నియమం ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మి.మీ.కు తగ్గకూడదు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు ఆ పరిమితి 0.8 మి.మీ. కొత్త కారు టైరులో ఈ లోతు సాధారణంగా 8 మి.మీ. పరిసరాల్లో ఉంటుంది. గాడుల అడుగున కనిపించే చిన్న దిమ్మెలు చట్టపరిమితిని కంటికి చూపే గుర్తులు. అయితే చట్టం చెప్పినది కనీసం మాత్రమే. గాడి పని నీటిని బయటకు తోసివేయడం. అది నిస్సారమైతే చక్రం నీటి పొరపైకి లేచి తేలుతుంది. అమెరికా అంతరిక్ష పరిశోధనా సంస్థలో విమానపు టైర్లపై జరిగిన ప్రయోగాల ఆధారంగా 1963లో ప్రకటితమైన సూత్రం ప్రకారం, నీరు తగినంత నిలిచినప్పుడు చక్రం తేలే వేగం గాలి పీడనపు వర్గమూలంపై ఆధారపడుతుంది. 32 పౌండ్ల పీడనానికి ఆ లెక్క గంటకు సుమారు 94 కిలోమీటర్లు వస్తుంది. గాలి 24 పౌండ్లకు తగ్గితే అది సుమారు 82కు దిగుతుంది. కారు టైరుకు ఇది స్థూలమైన అంచనాయే కానీ, గాలి కొట్టించడాన్ని నిర్లక్ష్యం చేయడం కూడా ప్రమాదమేనని స్పష్టం చేస్తుంది.

2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పరిసరాలు జలమయమైన సంగతి విదితమే. అటువంటి విపత్తులో ఏ టైరూ రక్షించదు. కానీ ప్రతి ఏటా జూన్ నుంచి అక్టోబరు వరకు కురిసే మామూలు వానలో, విజయవాడ రహదారిపై వందకు చేరువగా సాగే కారులో, 2 మి.మీ. గాడికీ 5 మి.మీ. గాడికీ గల తేడా ప్రయాణికుల భవితను నిర్ణయించగలదు. గాడి 3 మి.మీ.కు చేరినప్పుడే టైరు మార్చడం మంచిదన్న నిపుణుల సూచనకు కారణం ఇదే. రెండు టైర్లు మాత్రమే మార్చేటప్పుడు కొత్తవాటిని వెనుక చక్రాలకు వేయించాలన్న సూచన కూడా ఇందులో భాగమే. ముందు చక్రం జారితే చాలామంది చోదకులు సంబాళించుకోగలరు. వెనుక చక్రం జారితే కారు గిర్రున తిరుగుతుంది.

ప్రమాణాల చరిత్రలో రెండు ఘట్టాలు గుర్తించదగినవి. 2009లో జారీ అయిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుతో టైర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు తప్పనిసరి అయ్యే ప్రక్రియ మొదలైంది. 2022లో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ దొర్లుడు నిరోధం, తడిపట్టు, శబ్దం అన్న మూడింటికి ఏఐఎస్ – 142 ప్రమాణాన్ని నిర్బంధం చేసింది. అంటే తడిపట్టు అన్న భావన భారతీయ చట్టంలో కార్ల టైర్లకు స్థిరపడింది ఇటీవలనే. ఐరోపాలో 2012 నుంచి ప్రతి టైరుపై తడిపట్టు శ్రేణిని అక్షరరూపంలో అతికిస్తున్నారు. ఇక్కడి కొనుగోలుదారుకు అటువంటి పోలిక దుకాణంలో కంటికి కనిపించదు.

8. మార్కెట్టు – నిర్ణయాధికారం ఎవరిది?

మార్పిడి టైరు ధర, లభ్యత కొనుగోలుదారు ఇష్టంపై మాత్రమే ఆధారపడవు. 2020 జూన్ 12న కేంద్రప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని స్వేచ్ఛా జాబితా నుంచి నియంత్రిత జాబితాకు మార్చింది. దేశీయ పరిశ్రమకు ఊతమివ్వడం దాని ఉద్దేశం. దిగుమతిపై ఆధారపడిన పెర్ఫార్మెన్స్ రకాలకు ఆ తరువాత లైసెన్సు తప్పనిసరి అయింది. 2017 జూలై నుంచి టైర్లపై ఉన్న 28 శాతం వస్తుసేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. భద్రతకు మూలమైన వస్తువు ఎనిమిదేళ్లకు పైగా అత్యధిక పన్నుశ్రేణిలో ఉండటం, దాన్ని అవసరంగా కాక విలాసంగా చూసిన దృష్టికి నిదర్శనంగా భావించవచ్చు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ వరకు రహదారికి ఇరువైపులా రెండు రకాల దుకాణాలు కనిపిస్తాయి. కంపెనీల పేరుపలకలతో, వీల్ అలైన్‌మెంట్, బాలెన్సింగ్ యంత్రాలతో ఉన్నవి మొదటి రకం. గాలి యంత్రంతో, నీటి తొట్టెతో, పాత టైర్ల వరుసతో ఉన్నవి రెండవ రకం. కొనుగోలుదారు విచక్షణ ఎక్కువగా ఈ దుకాణదారు మాటపైనే ఆధారపడుతుంది. అతడు నిల్వ ఉన్నదాన్ని సూచించడం వ్యాపారధర్మం. దానిలో కపటం ఉండనవసరం లేదు. కానీ కొలత, సూచికలు, తయారీవారం అన్న మూడింటినీ అడిగే కొనుగోలుదారు ఎదుట దుకాణదారు సమాధానం మారుతుంది. విజ్ఞానం లేనిచోట మాత్రమే ఎంపిక పూర్తిగా అమ్మకందారు చేతిలోకి వెళ్తుంది.

ఈ సమస్య ఏటా ఒక సామూహిక రూపం ధరిస్తుంది. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు ఎల్బీనగర్ నుంచి పంతంగి వరకు కార్లు బారులు తీరుతాయి. ఏడాది పొడవునా కార్యాలయానికి, బడికి, కూరగాయల మార్కెట్టుకు తిరిగిన కారు ఆ రోజు నిండు కుటుంబంతో, డిక్కీ నిండా సామానుతో, వందల కిలోమీటర్ల ప్రయాణానికి సిద్ధమవుతుంది. నగరంలో నెమ్మదిగా తిరిగినంతకాలం బయటపడని టైరు లోపం – తక్కువ గాలి, గట్టిపడిన రబ్బరు, పక్కగోడపై ఉబ్బు – భారం, వేగం, వేడి ఒక్కసారిగా కలిసిన ఆ రోజే పరీక్షకు వస్తుంది. టైరు పేలిందని ఒక్క మాటలో ముగిసే ప్రమాద కథనాల వెనుక, నెలల క్రితమే తీసుకోవలసిన ఒక నిర్ణయపు వాయిదా ఉండవచ్చు.

9. ముగింపు:

దిల్‌సుఖ్‌నగర్ – ఎల్బీనగర్ రహదారి నేపథ్యంలో సాగిన ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. మంచి టైరు అన్న భావన స్థిరమైనది కాదు. కొరత కాలంలో రబ్బరు వేయించి వాడగలిగినది, రేడియల్ కాలంలో ఎక్కువ దూరం నడిచినది, వేగరహదారుల కాలంలో త్వరగా ఆపగలిగినది మంచి టైరుగా గుర్తింపు పొందింది.

2. ఈ మూడు ప్రమాణాలు ఒకదాని స్థానంలో ఒకటి రాలేదు. ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. కనుకనే 120 కిలోమీటర్ల వేగపరిమితి గల రహదారికి చేరువలోని దుకాణంలో నేటికీ కిలోమీటర్ల లెక్కే మొదటి ప్రశ్నగా నిలిచింది.

3. రోజువారీ కారుకు పెర్ఫార్మెన్స్ టైరు ఆడంబరం కానవసరం లేదు. ఎత్తైన పక్కగోడను పూర్తిగా వదులుకోకుండా, మొత్తం వ్యాసం మార్చకుండా, తడిపట్టు మెరుగైన రకాన్ని ఎంచుకోవడం గుంతల వీధికీ వేగరహదారికీ మధ్య నడిచే ఈ ప్రాంతపు కారుకు అనువైన మధ్యేమార్గం.

4. చట్టం కనీస ప్రమాణాన్ని నిర్దేశించింది కానీ, పోల్చి ఎంచుకునే సమాచారాన్ని కొనుగోలుదారు కళ్లెదుట ఉంచలేదు. తడిపట్టు శ్రేణిని అమ్మకపుచోటే తెలుగులో ప్రదర్శించే ఏర్పాటు ఈ లోటును తీర్చగలదు.

పొదుపు తెలుగు మధ్యతరగతి జీవనంలో ఒక విలువ. రీట్రెడింగ్ షాపుల నుంచి కిలోమీటర్ల లెక్క వరకు టైరు చరిత్రలో ఆ విలువే కనిపిస్తుంది. దాన్ని తక్కువ చేయనవసరం లేదు. దేనిని పొదుపు చేస్తున్నామన్న ప్రశ్న మాత్రం కాలంతో మారింది. ఒకప్పుడు పొదుపు చేయవలసినది రబ్బరు. నేటి రహదారిపై పొదుపు చేయవలసినది బ్రేకు తొక్కిన తరువాత కారు సాగే చివరి కొన్ని మీటర్ల దూరం.